షెడ్డు వెలుతురులో తేలిన రంగు

"ఒక్క కారుకి ఇన్ని కళ్ళేమిటే అమ్మాయ్? నీ సంచీ విప్పితే కళ్ళద్దాల కొట్టు తెరిచినట్టుంది" అన్నాడు తండ్రి లిండ్సే ట్రెజీస్, టోస్టు ముక్కకి నల్లటి వెజిమైట్ ముద్ద రాసుకుంటూ.

మెరిన్ తలెత్తలేదు. వంటింటి బల్ల మీద లెన్సులన్నీ పరిచి, ఏవి ఉంచాలో ఏవి పక్కన పెట్టాలో తేల్చుకోలేక సతమతమవుతోంది. ఆమె బతుకుతెరువే కార్ల ఫొటోలు. పాత కార్ల క్లబ్బువాళ్ళు వచ్చే ఏటి క్యాలెండరు పని ఆమెకే అప్పగించారు. ప్రతి కారునీ ఎండలో ఒకటి, షెడ్డులో ఒకటి, పొద్దు గుంకే వేళ ఒకటి తియ్యాలి. మొదటి పేజీ నాన్న కారుది. పక్షపాతం అని ఎవరైనా అంటే అననీ, వాలరూ ఊరు మొత్తం మీద అంత అందమైన హోల్డెన్ కారు ఇంకొకటి లేదని ఆమె గట్టి నమ్మకం.

"ఎండలో పనికొచ్చేది షెడ్డులో పనికిరాదు నాన్నా. షెడ్డులో బాగా తీసేదానితో ఆరుబయట తీస్తే కారు ముక్కు వాచినట్టు పడుతుంది. కెమెరాకి నీ అంత తెలివి లేదు, ఏం చేస్తాం!"

"తిన్నాక ఏడవండి ఆ ముక్కుల గురించి. గుడ్లు ఎక్కడ పెట్టను, మీ నెత్తిన పెట్టనా?" అంది తల్లి గ్లెనిస్, పెనం పట్టుకుని నిలబడి.

మెరిన్ ఇల్లు రెండు వీధుల అవతలే. భర్త ఎడారి గనుల్లో పనిచేస్తాడు. ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. అందుకని ఆమె, కూతురు టామ్సిన్ పొద్దున్నే ఇక్కడికొచ్చి తింటారు. బడి వదలగానే పిల్లని తాతయ్యే కారులో తీసుకొస్తాడు. తను ఫొటోల పని మీద అడిలైడ్ వెళ్ళినా, ఇంకెక్కడికెళ్ళినా, పిల్ల గురించి మెరిన్‌కి చీకూ చింతా ఉండేది కాదు.

"అమ్మా, షెడ్డులో కూడా తీస్తావా?" అంది టామ్సిన్ గుడ్డు కెలుకుతూ. తొమ్మిదేళ్ళ పిల్ల. ఈ మధ్య ఎందుకో మాట తగ్గింది.

"తియ్యాలిగా మరి. ఏం?"

"ఏం లేదు" అని పిల్ల తాతయ్య వంక చూసింది. తాతయ్య టీ తాగుతున్నాడు.

ఆ కారు వెనక పెద్ద కథే ఉంది. మెరిన్‌కి పదహారేళ్ళప్పుడు తండ్రీ కూతుళ్ళు కలిసి తుప్పుపట్టిన డొక్కుని నిలబెట్టారు. లిండ్సే ధాన్యం గిడ్డంగుల్లో ఫిట్టరుగా రిటైరయ్యాడు గానీ, అసలు పేరు తెచ్చుకున్నది రంగులు కలపడంలో. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తలుపు ముక్కో, గోడ పెచ్చో పట్టుకొచ్చి "సరిగ్గా ఇదే రంగు కావాలి లిండ్సే" అనేవారు. ఆయన కలిపితే అతుకు ఎక్కడో దేవుడికి కూడా తెలిసేది కాదు. ఈ కారుకి సముద్రపు నాచు చాయ కలిసిన బూడిద రంగు కలిపి, "ఎప్పటికైనా ఇది నీదేనే" అన్నాడు కూతురితో. ఆ మాటని ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

పొద్దుటి పని హాయిగా సాగింది. కారుని వాకిట్లో నిలబెట్టి, పొడుగు లెన్సు పెట్టుకుని పక్కింటివాళ్ళ కంచె దాకా వెనక్కి నడిచింది. నిగనిగలాడే తలుపుల మీద ఎదురింటి నీళ్ళ ట్యాంకు నీడ పడుతుంటే, ప్రతిబింబాల్ని తుడిచేసే ఫిల్టరు బిగించింది. కారు కడిగిన ముత్యంలా వచ్చింది.

"చూడు నాన్నా, ఎలా ఉంది?"

లిండ్సే తల పక్కకి వంచి కెమెరా వెనక తెర మీది బొమ్మ కేసి చూశాడు. "అదిరింది" అన్నాడు.

మధ్యాహ్నం కారుని షెడ్డులోకి తెచ్చి ట్యూబ్‌లైట్లు వేసింది. మొదటి బొమ్మ తియ్యగానే మొహం చిట్లించింది. ముందువైపు ఎడమ మడ్‌గార్డు, దాని పక్క తలుపు కాస్త గులాబీ మీదికి తిరిగినట్టున్నాయి. మిగతా ఒళ్ళంతా మామూలే. ఫిల్టరు తప్పనుకుని ఊడదీసింది. అదే గులాబీ. లెన్సు మార్చింది. పాత లెన్సు, కొత్త లెన్సు, అరువు తెచ్చుకున్న ఖరీదైన లెన్సు, దేనితో తీసినా అంతే. తెల్లటి అట్ట పెట్టి రంగు లెక్క మళ్ళీ సరిచేసుకుంది. ఛీ, ఇవాళ ఈ సామానుకి ఏం రోగం వచ్చిందని విసుక్కుంది. చివరికి ఎండలాంటి వెలుగిచ్చే ఫ్లాషు వేసి తీసింది. కారంతా ఒకే రంగు! ఫ్లాషు ఆపితే మళ్ళీ ఆ మడ్‌గార్డు, ఆ తలుపు వేరుగా నిలబడ్డాయి.

అప్పుడు వెలిగింది. ఎండలో ఒకటిగా కనిపించి ట్యూబ్‌లైటు కింద విడిపోయాయంటే, అవి రెండు వేరువేరు రంగులు. వేరే వేళ ఎవరో కలిపి పూసినవి. మెరిన్ మోకాళ్ళ మీద కూర్చుని మడ్‌గార్డు అంచు కింద వేలు పెట్టి తడిమింది. లోపల లప్పం గరగరలాడింది.

వంటింట్లో గ్లెనిస్ మాంసం కూరే పేస్టీలకి పిండి వత్తుతోంది. మెరిన్ కెమెరా తెచ్చి ఆమె ఎదురుగా పెట్టింది. "అమ్మా, కారుకి ఏమైంది?"

"ఏమవుతుంది? ఆ గుడ్డిలైటులో అలాగే కనిపిస్తుందిలే."

"నేను తినేదే ఈ వెలుతురు తేడాల మీద. నాకే చెబుతున్నావా? లప్పం పెట్టి పూశారు. ఎప్పుడు?"

గ్లెనిస్ చేతిలో కర్ర ఆగిపోయింది. "చిన్న గీతేనే. నువ్వు పోయిన నెల అడిలైడ్ వెళ్ళినప్పుడు. పెద్దది చేసి మాట్లాడకు, మీ నాన్న పడుకున్నాడు."

పోయిన నెల. అడిలైడ్. ఊరినుంచి రాగానే టామ్సిన్ భుజం నుంచి ఛాతీ మీదికి నల్లగా కమిలిపోయిన చార. "బళ్ళో ఊయల మీంచి పడ్డానమ్మా" అంది పిల్ల. తనే కూర్చుని మందు రాసింది. ఊయల మీంచి పడితే అంత తిన్నగా చార ఎలా పడుతుందని ఒక్కసారైనా అనుకోలేదు. అది సీటు బెల్టు చార.

"టామ్సిన్ కారులో ఉంది" అంది మెరిన్. అది ప్రశ్న కాదు.

అలికిడికి లేచిన లిండ్సే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉంది. ఎండ కళ్ళలో కొట్టింది. మలుపులో కరెంటు స్తంభం రాసుకుంది, అంతే. దానికేం కాలేదు."

"ఎడమవైపు నాన్నా! నా బిడ్డ కూర్చున్న వైపు! డాక్టరుకైనా చూపించారా?"

"నేను చూశానుగా. కమిలింది, అంతేగా" అంది గ్లెనిస్.

"ఊయల మాట ఎవరు నేర్పారు దానికి?"

"నేనే" అన్నాడు లిండ్సే. "నువ్వు కంగారు పడతావని."

పరాయివాడు చేసుంటే కేసు పెట్టి ఊరుకునేది. కన్నవాళ్ళు! "నా బిడ్డ చేత నాకే అబద్ధం చెప్పించారు. నెల రోజులు ఇదే బల్ల మీద ముగ్గురూ నా మొహం చూస్తూ తిన్నారు. నేను పిచ్చిదానిలా మీకు థాంక్సులు చెప్పుకుంటూ తిరిగాను. ఇవాళ్టి నుంచి టామ్సిన్ ఈ ఇంటికి రాదు. బడి నుంచి తీసుకురావడం కూడా నేనే చూసుకుంటాను."

"బాగు చేశానుగా!" లిండ్సే గొంతు లేచింది. "మచ్చ కూడా లేకుండా రంగు కలిపాను. ఎవరికైనా తెలుస్తుందా?"

"ఇంకా దబాయింపా?" మెరిన్ కెమెరా తీసి ఆయన మొహం ముందు పెట్టింది. "చూసి చెప్పు. ఈ రెండూ ఒకటేనా?"

లిండ్సే తల పక్కకి వంచాడు. ఇటు వంచాడు, అటు వంచాడు. "ఒకటే కదే" అన్నాడు.

తిట్టబోయి మెరిన్ ఆగిపోయింది. ఆ మాటలో దబాయింపు లేదు. ఆయన నిజంగానే అంటున్నాడు. బొమ్మలో తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. రంగుల లిండ్సేకి తెలియడం లేదు.

"నాన్నా," అంది నెమ్మదిగా, "నా మొహం కనిపిస్తోందా నీకు?"

"మధ్యలో మసక. పక్కనుంచి చూస్తే చెవులు కనిపిస్తాయి" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "పోయిన చలికాలం నుంచి. కళ్ళద్దాలు మారిస్తే సరిపోతుందనుకున్నాను. కారు కూడా నడపలేనంటే ఇంక నేనెందుకే ఈ ఇంట్లో?" అని భార్య వైపు తిరిగాడు. "గ్లెనిస్, రంగు కలిసిందా అని అడిగాను నిన్ను. కలిసిందన్నావు."

గ్లెనిస్ పిండి చేతులతోనే కుర్చీలో కూలబడింది. "కలవలేదు లిండ్సే. మొదటి రోజే షెడ్డులో లైటు కింద చూశాను. కలవలేదంటే తక్కినదంతా చెప్పాల్సొస్తుంది. నా నోరు రాలేదు."

"అంటే నా చూపు పోతోందని నీకు తెలుసు. తెలిసి, పిల్లని నా పక్కన కూర్చోబెట్టి పంపావు రోజూ!"

"మెల్లగా వెళ్ళమని చెప్పేదాన్ని..." అని గ్లెనిస్ వెక్కి వెక్కి ఏడ్చింది.

మెరిన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఓదార్చాలనిపించలేదు. అరవాలని కూడా అనిపించలేదు. వాళ్ళు ముసలివాళ్ళయ్యారని, భయపడ్డారని అర్థమవుతోంది. అయినా మనసులో ముల్లు మనసులోనే ఉంది. గోడ గడియారం చూసింది. బడి వదిలే వేళవుతోంది.

"తాళాలు ఇవ్వు" అంది.

లిండ్సే ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు, ఆమె వెంటే షెడ్డులోకి నడిచాడు. మెరిన్ వద్దనలేదు. ఆయన చేత్తో తడుముకుంటూ ఎడమవైపుకి వెళ్ళి, ఆ తలుపు తీసుకుని, మనవరాలు రోజూ కూర్చునే చోట కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మెరిన్ సాయం చెయ్యలేదు.

మెరిన్ కారుని బడి దారి పట్టించింది. మలుపులో స్తంభం వచ్చినప్పుడు లిండ్సే రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాడు. తను కూర్చున్న వైపు నుంచి ఆ స్తంభం ఎంత దగ్గరో ఆయనకి ఇవాళే తెలిసింది.

బడి గేటు దగ్గర టామ్సిన్ పరిగెత్తుకుంటూ వచ్చి, అలవాటుగా ఎడమ తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. తాతయ్య ఇటు కూర్చున్నాడు. అమ్మ అటు కూర్చుంది. పిల్ల మొహం పాలిపోయింది.

"తాతయ్యా, అమ్మకి తెలిసిపోయిందా?"

"తెలిసిపోయింది తల్లీ."

"నేను చెప్పలేదు. ఒట్టు, నేను చెప్పలేదు తాతయ్యా!"

"నువ్వు చెప్పలేదమ్మా. నాకు తెలుసు" అన్నాడు లిండ్సే.

టామ్సిన్ వెనక సీట్లోకి ఎక్కింది. తరవాత ముందుకి వంగి, "అయితే ఇప్పుడు నేను కూడా చెప్పొచ్చా?" అని అడిగింది.

మెరిన్ ఇంజను ఆపేసి వెనక్కి తిరిగి చేతులు చాచింది. "చెప్పు బంగారం. మొదటి నుంచీ చెప్పు."

"నాకు చాలా భయమేసిందమ్మా" అంటూ పిల్ల నెల రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. ముందు సీట్లో లిండ్సే తల వంచుకుని వింటున్నాడు. పిల్లకి భయమేసిందన్న మాట ఆయనకి కూడా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.