అమ్మ భాష తెలిసినవాళ్లు

పొద్దున్నే బస్సు తాళాలు అందుకోబోయి, బడులు మూసేశారని గుర్తొచ్చి అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. బడి బస్సు నడిపే ఆమెకు నెలన్నరగా పని లేదు. ఊరంతా జబ్బు. అమ్మ ఉంటున్న వృద్ధాశ్రమంలోకి కూడా అప్పట్నుంచే ఎవర్నీ రానివ్వడం లేదు.

తమ్ముడు ఫోన్ చేశాడు. "అమ్మ మూడు రోజులుగా ముద్ద ముట్టలేదట. పిలిస్తే పలకదట. మతి తప్పిందంటున్నారక్కా!"

"మతి తప్పడమేంట్రా? అమ్మకి పుట్టుచెవుడు. పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. ఇప్పుడందరి మూతులకీ మాస్కులేగా!"

ఆశ్రమంలో సగంమంది సిబ్బంది మంచం పట్టడంతో ప్రభుత్వం నిబంధన సడలించింది. ఆరు నెలల శిక్షణ పత్రం లేకున్నా, మూడు రోజులు నేర్పించి ఇంటివాళ్లను సహాయకులుగా తీసుకోవచ్చంది. ఆ వార్త వినగానే అక్క బ్యాగు సర్దింది.

తమ్ముడు పరుగున వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "వెళ్తే మళ్లీ ఎప్పుడు బయటికి రానిస్తారో! నీకేమన్నా అయితే? అమ్మని అక్కడ చేర్చిన పాపం చాలదా నాకు?"

"పాపమేంట్రా పిచ్చోడా! అమ్మ పడిపోతే లేపే దిక్కుండాలనేగా చేర్చావు. జరుగు."

ఆశ్రమం మేనేజరమ్మ గేటు దగ్గరే తేల్చి చెప్పింది. "సడలింపు ఉన్నమాట నిజమే. కానీ మీ అమ్మగారొక్కర్నే చూసుకుంటానంటే కుదరదు."

"అమ్మ ఉన్న అంతస్తులో ఎంతమంది మేడమ్?"

"పధ్నాలుగుమంది."

"అందర్నీ నాకే ఇవ్వండి. నలభైమంది పిల్లల్ని బస్సులో కూర్చోబెట్టినదాన్ని."

మేనేజరమ్మ అలసిన కళ్లలో నవ్వు మెరిసింది.

మూడు రోజుల శిక్షణ ముగిశాక, నాలుగో రోజు అక్క అమ్మ గదిలోకి వెళ్లింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. భుజం తడితే చూసి, మాస్కు మనిషి ఇంకెవరో అనుకుని మళ్లీ తల తిప్పేసుకుంది. అక్క మంచానికి అటువైపు వెళ్లి చేతులెత్తింది. వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టి, పళ్లెం చూపించి, చెవి మెలేస్తానని బెదిరించింది. చిన్నప్పుడు అమ్మ తమని బెదిరించినట్టే.

అమ్మ దిగ్గున లేచి కూర్చుంది. చేతులతోనే గబగబా తిట్టింది: ఇన్నాళ్లకా రావడం? తిట్టి, వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత పళ్లెం ఖాళీ చేసి, ఇంకా పెట్టమంది.

అమ్మ పేరున్న రికార్డులో 'మతి తప్పింది' అని రాసిన మాటను మేనేజరమ్మ తన చేత్తోనే కొట్టేసింది. ఆ అంతస్తులో సగంమందికి చెముడేనని అప్పుడు బయటపడింది. వారం తిరిగేసరికి సిబ్బందికి సైగలు నేర్పే పంతులమ్మ అమ్మే అయింది. తప్పు చేస్తే మేనేజరమ్మకైనా వేళ్లమీద చిన్న దెబ్బ పడాల్సిందే.

ఆ ఆదివారం తమ్ముడు కిటికీ అద్దం అవతల నిలబడ్డాడు. అమ్మ వాణ్ని ఎగాదిగా చూసి, బుగ్గలు లోపలికి పీల్చి చూపించింది: చిక్కిపోయావేంట్రా?

వాడి కళ్లు నిండిపోయాయి. "తింటున్నానమ్మా" అని నోటితో అనబోయి, మాస్కు గుర్తొచ్చి, రెండు చేతులూ ఎత్తాడు.