పది పచ్చ టిక్కులు

పిడుగు బడి నుంచి వచ్చేసరికి అమ్మ చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉంది. మామూలుగా ఆరు దాటితేగానీ ఇంటికి రాదు.

"జ్వరమా అమ్మా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.

అమ్మ పని మందుల గోడౌన్‌లో. వచ్చే పెట్టెలు, వెళ్లే పెట్టెలు తొమ్మిదేళ్లుగా రిజిస్టర్‌లో రాస్తోంది. వచ్చే నెల నుంచి అంతా కంప్యూటరేనట. నేర్చుకోవడానికి ఆఫీసువాళ్లు ఫోన్‌కి పది పాఠాలు పంపారు. నేర్చుకోనివాళ్ల సంగతి ఏమిటో ఎవరూ చెప్పడం లేదు.

"పది పాఠాలూ అందరికంటే ముందు నేనే పూర్తిచేశానట," అంది అమ్మ. "రేపు అందరి ముందూ కంప్యూటర్ మీద చేసి చూపించమంది సూపర్‌వైజర్ మేడం. నేను రెండో పాఠం దగ్గరే ఆగిపోయానే."

పిడుగు బడి సంచీ కింద పెట్టడం మర్చిపోయింది. ఆదివారం అమ్మ బట్టలు ఉతుకుతుంటే ఫోన్ తీసి, ఆటలా టకటకా నొక్కి, మిగతా పాఠాలకు పచ్చ టిక్కులు తెప్పించింది తనే. అమ్మ చూసి ఆశ్చర్యపోతుందని చెప్పకుండా దాచింది.

"నేనేనమ్మా," అంది. అమ్మకి వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మౌస్ పట్టుకుంటేనే నాకు చేతులు వణుకుతాయి," అంది మెల్లగా.

తనవల్ల అమ్మ పని పోతుందేమోనని పిడుగుకి చాలా భయం వేసింది.

మర్నాడు బడికి వెళ్లేముందు అమ్మతో గోడౌన్‌కి వెళ్లింది. "పాఠాలు చేసింది మా అమ్మ కాదండీ, నేను," అని మేడంతో ఒక్క గుక్కలో చెప్పేసింది.

మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అన్నీ చెరిపి మళ్లీ పంపిస్తాను. నెలాఖరు దాకా టైముంది. అప్పటికీ రాకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ సాయంత్రం అమ్మ మొదటి రెండు పాఠాలూ ఎలాగో గట్టెక్కింది. మూడో దాంట్లో పెట్టె నంబరు కొట్టి బటన్ నొక్కగానే తెర మీద ఎర్ర గీత వచ్చింది.

"పాడు చేసేశాను. నువ్వే చెయ్యవే," అని ఫోన్ చాచింది.

పిడుగుకి జవాబు తెలుసు. ఒక్క నొక్కు చాలు. చప్పున రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"నేను ముట్టుకోనమ్మా. ఎర్ర గీత పక్కన ఏముందో చదువు."

అమ్మ కూడబలుక్కుని చదివింది. "గడువు తేదీ... ఇవ్వలేదు." మళ్లీ ఒకసారి చదువుకుంది. "ఓస్, ఇదా? గడువు తేదీ చూడకుండా ఏనాడైనా పెట్టెని లోపలికి రానిచ్చానా?"

తేదీ కొట్టింది. పచ్చ టిక్కు పడింది.

"ఇంకా ఏడున్నాయి," అంటూ అమ్మ ఫోన్‌ని తనవైపు తిప్పుకుంది.

పిడుగు చేతులు తిమ్మిరెక్కాయి. అయినా బయటికి తియ్యలేదు.