గిలి ఏ చక్రంలో ఉంది?

పరిచయమైన అయిదో నిమిషంలోనే జయంత్ గౌరీశ్వరి కళ్ళజోడు తన్నేశాడు. కావాలని కాదు. ఆమె అతని బొటనవేలు పట్టుకుంది, అతని కాలు దాని దారిన అది లేచింది, కళ్ళజోడు ఎగిరి గోడ మీదున్న అరికాళ్ళ చార్టుకి తగిలి కిందపడింది.

"సారీ మేడం! నాను తన్నలేదండి, కాలే తన్నీసింది!"

"కాలు మీదే కదేటండీ?" అంది గౌరీశ్వరి, నేల మీద చేత్తో తడుముకుంటూ.

"నాదేగానండి, అరికాలు మట్టుకి నా మాట వినదు. గిలి."

జయంత్‌ది పద్మనాభం అనే ఊరు. ఉద్యోగం స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో. ఎర్రగా కాలుతున్న కడ్డీ పక్కన నిలబడి రెప్ప వాల్చని మనిషి, అరికాలి మీద చీమ పాకితే ఇల్లెగిరిపోయేలా నవ్వుతాడు. ఆ నవ్వు వల్లే కిందటేడు అనకాపల్లిలో కుదిరిన పెళ్ళి చెడింది. కాళ్ళకి పారాణి పెడుతుంటే తన్నిన తన్నుకి గిన్నె వెళ్ళి పిల్ల మేనమామ తెల్లచొక్కా మీద పడింది. దానికి కూడా పెళ్ళికొడుకు పగలబడి నవ్వుతూనే ఉండేసరికి, పిల్లాడికి ఏదో ఉందని వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. పారాణికే ఇలా అయితే పీటల మీద మామగారు కాళ్ళు కడిగేటప్పుడు గతేమిటని తల్లి నూకాలుకి బెంగపట్టుకుంది. కూర్మన్నపాలెంలో ఒకమ్మాయి అరికాళ్ళు నొక్కి వైద్యం చేస్తుందని విని ఆవిడే పంపించింది.

గౌరీశ్వరి కళ్ళజోడు తుడుచుకుని, స్కేలు తీసుకుని చార్టు దగ్గర నిలబడింది.

"ఒంట్లో ఏడు చక్రాలండి. ఒక్కో చక్రానికీ ఒక్కో గ్రంథి. హార్మోన్లు తయారయ్యేది వాటిలోనే. ఆ గ్రంథులన్నిటికీ అరికాల్లో స్విచ్చులున్నాయని మా రిఫ్లెక్సాలజీలో చెప్తారు."

"మరి గిలి ఏ చక్రంలో ఉన్నాదండి?"

ఈ ప్రశ్న ఆమె చదివిన కోర్సులో రాలేదు. చార్టు మీద స్కేలుని వేళ్ళ నుంచి మడమ దాకా నడిపించింది.

"వెతుకుదాం. ఆదివారానికో చక్రం. బొటనవేలి దగ్గర మొదలెట్టి మడమ దాకా, ఏడు వారాలు."

మొదటి వారం సహస్రారం, పీనియల్ గ్రంథి. దాని సంగతి కళ్ళజోడుతో సరిపోయింది. రెండోవారం ఆజ్ఞాచక్రం.

"దీని గ్రంథి పిట్యూటరీ. మిగతా గ్రంథులకి ఆర్డర్లేసేది ఇదే."

"మా మిల్లులో కంట్రోల్ రూం లాగన్నమాట," అన్నాడు జయంత్. ఆమె వేలు తగిలింది. కంట్రోల్ తప్పింది. ఈసారి నూనె సీసా పోయింది.

అయినా అతను రావడం మానలేదు. గిలి తగ్గుతుందన్న ఆశ ఒక కారణం. రెండో కారణం అతను తల్లికి చెప్పలేదు. తనకన్నా ముందొచ్చిన పెద్దావిడతో గౌరీశ్వరి అంటున్న మాటలు విన్నాడు. "థైరాయిడ్ మాత్ర మట్టుకి మానకండి పిన్నిగారూ. నా నొక్కుడు నొక్కుడే, డాక్టరు మందు డాక్టరు మందే." ఇంత తిన్నగా మాట్లాడే మనిషిని చూసి అతనికి ముచ్చటేసింది. మాట్లాడుతూ జారిన కళ్ళజోడుని ముంజేత్తో పైకి తోసుకోవడం చూశాక ఆ ముచ్చట ఇంకోలా మారింది.

మూడోవారం విశుద్ధం, థైరాయిడ్. బొటనవేలి మొదలు. జయంత్ నవ్వుకి కింద బస్‌స్టాపులో ఉన్న జనం తలలెత్తి చూశారు.

"ఇలా కాదు గానీ, మీ చెయ్యి నా చేతి మీద పెట్టండి," అంది గౌరీశ్వరి. "ఎవరికి వాళ్ళం గిలి పెట్టుకోలేం కదా. నొక్కేది మీరేనని కాలు మోసపోతాది."

జయంత్ భయంభయంగా చెయ్యి వేశాడు. ఆమె నొక్కింది. కాలు నిజంగానే మోసపోయింది. ఒక్క నవ్వు లేదు.

"గిలి తగ్గిందా?"

"తగ్గిందండి."

"మరి ఆ చెమటేటండి?"

"ఇది వేరే గ్రంథి అనుకుంటానండి," అన్నాడు. గౌరీశ్వరి చార్టు వైపు తిరిగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నాలుగోవారం వాన. గౌరీశ్వరి తండ్రి గురునాథరావు ప్రతి ఆదివారం ఆమెను స్కూటర్ మీద తెచ్చి, కింద మెట్ల పక్కన బెంచీ మీద పేపరుతో కూర్చునేవాడు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. మండుటెండలో కూడా బూట్లూ మేజోళ్ళూ విప్పేవాడు కాదు. ఆ రోజు జల్లుకి మోకాళ్ళ దాకా తడిసి గుమ్మంలోకి వచ్చాడు.

"నాన్నా, ఆ మేజోళ్ళు విప్పు. కాళ్ళు తుడుస్తాను," అంది గౌరీశ్వరి.

"అక్కర్లేదు," అంటూ ఆయన మళ్ళీ వానలోకే వెళ్ళిపోయాడు.

గౌరీశ్వరి తిరిగొచ్చి జయంత్ పాదం పట్టుకుంది. అనాహతం, థైమస్. చెయ్యి పాదం మీదే ఉంది గానీ నొక్కడం లేదు.

"సర్టిఫికెట్ వచ్చిన రోజు ముందు నాన్న కాళ్ళే పడదామనుకున్నాను," అంది. "లేచి ఎల్లిపోనారు. ఊరందరి కాళ్ళూ పట్టీసినాను, మా నాన్నవి మట్టుకి ముట్టనివ్వరు. కూతురిది కాళ్ళు పట్టే పనని నామోషీ."

 జయంత్ ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు. చికిత్సలో భాగమేనని ఇద్దరూ అనుకున్నట్టు నటించారు. రేకుల మీద వాన దంచికొడుతోంది.

అయిదోవారం మణిపూరకం, క్లోమగ్రంథి. జయంత్ దారిపొడుగునా ఒక మాట వల్లెవేసుకుంటూ వచ్చాడు. ఆ మాట బయటికి రాకముందే ఆమె చెప్పేసింది.

"వచ్చే ఆదివారం సెంటరు లేదండి. భీమిలి నుంచి సంబంధం వాళ్ళొస్తన్నారు. కుదిరితే సెంటరు మూసెయ్యాలంట. నాను ఊ అన్నాను. నాన్నా ఊ అన్నారు."

"మీరెందుకన్నారు?"

"ఆయనకే ఇష్టం లేని పని ఎవరి కోసం సెయ్యాలండి?"

జయంత్ కాలు వెనక్కి లాక్కున్నాడు. "మరి నా ఆరో చక్రం?"

ఆమె చార్టు వైపు చూసింది. ఆరోది స్వాధిష్ఠానం, సంతానానికి సంబంధించిన గ్రంథులది. గబుక్కున స్కేలు కింద పెట్టేసింది.

"అది మీ పెళ్ళయ్యాక సూసుకోండి!"

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా జయంత్ దువ్వాడలో వాళ్ళింటి తలుపు కొట్టాడు. గురునాథరావు తీశాడు. అప్పుడే స్నానం చేసి లుంగీలో ఉన్నాడు, కాళ్ళకి ఏమీ లేవు.

"నాను జయంత్‌నండి. మీ అమ్మాయిని పెళ్ళి సేసుకుంటానండి," అన్నాడు. వారం రోజులు వల్లెవేసుకున్నదంతా మర్చిపోయి, అసలు విషయం ఒక్కటే గుర్తుంది. "సెంటరు ముయ్యక్కర్లేదండి."

"దానికి తెలుసా?"

"తెల్దండి. ముందు మీకు సెప్పుదామని."

గురునాథరావు అతన్ని కిందికీ పైకీ చూశాడు. "అది పదిమంది కాళ్ళు పడతాది. నీకు నామోషీ కాదేటి?"

"అందులో నా కాళ్ళూ ఉన్నాయి కదండి. నామోషీ ఏటి?"

ఆ మాట పెద్దాయనకి నచ్చినట్టే ఉంది. కానీ తల అడ్డంగా ఊపాడు. "భీమిలోళ్ళకి రమ్మని సెప్పీసినాను బాబూ. వాళ్ళు బయల్దేరే ఉంటారు. ఎల్లిరా."

అయిపోయింది. జయంత్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దవాళ్ళింటికి వచ్చి దణ్ణం పెట్టకుండా వెళ్ళకూడదని వంగి, పాదాలకి నమస్కారం చేశాడు. వేళ్ళు పాదం పక్కన తగిలాయి.

"కిక్కిక్కీ!" అంటూ గురునాథరావు సోఫా మీదకి గెంతాడు. "ముట్టీకు! ముట్టీకురా బాబూ!"

ఆ నవ్వు జయంత్‌కి బాగా తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ళుగా తన నోట్లోంచి వస్తున్న నవ్వే.

"అంకుల్, మీకూనా?"

వంటింట్లోంచి గౌరీశ్వరి, ఆమె తల్లి చిలకమ్మ పరిగెత్తుకొచ్చారు. సోఫా మీద నిలబడి లుంగీ పట్టుకున్న తండ్రిని, కింద వంగి ఉన్న జయంత్‌ని గౌరీశ్వరి మార్చి మార్చి చూసింది.

"నాన్నా! నీకు గిలా?"

"ముప్పయ్యేళ్ళు క్రేను మీద కూసున్నోణ్ణి. గిలని సెప్పుకుంటానేటే?"

"నా పనంటే నామోషీ అనుకున్నాను! అందుకే సెంటరు మూసెయ్యడానికి ఊ అన్నాను!"

"నువ్వు ఊ అన్నావని కదే నాను ఊ అన్నాను! నామోషీ అయితే ఆదివారమంతా నీ బెంచీ మీద ఎందుకు కూసుంటాను? బస్సు దిగినోళ్ళందరికీ మా అమ్మాయి సెంటరే అని సూపించి పైకి తోలేది ఎవరనుకున్నావ్?"

గౌరీశ్వరి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"నాకు తెలుసు," అంది చిలకమ్మ తాపీగా. "మా పెళ్ళిలో కాళ్ళు కడుగుతుంటే ఒక్క తన్ను తన్నినారు. మా నాన్నకి ముందు పన్ను ఊడిపోనాది. ఎవరికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నారు."

గురునాథరావు సోఫా దిగాడు. ఫోన్ తీసి భీమిలి వాళ్ళకి, పిల్ల సెంటరు మూయదు, క్షమించండి అని నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. తర్వాత జయంత్ వైపు తిరిగాడు.

"పీటల మీద నీ కాళ్ళు నానే కడుగుతాను. తన్నితే తన్ను. పన్ను పోతే పోనాది."

గౌరీశ్వరి ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "నాన్నా, కాలు ఇలా తే."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన ఒక చేత్తో సోఫానీ, ఇంకో చేత్తో జయంత్ భుజాన్నీ గట్టిగా పట్టుకుని కాలు చాపాడు. గౌరీశ్వరి ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఏ చక్రమో ఏ గ్రంథో చూడకుండా రెండు చేతుల్తోనూ పట్టుకుంది. ఆయన వీధంతా వినబడేలా నవ్వాడు. కూతురి కన్నీళ్ళు పాదం మీద పడ్డాయి. దానికీ గిలే వేసింది ఆయనకి.

"మరి నన్నేటి అడగలేదు మీరు?" అంది గౌరీశ్వరి, తలెత్తకుండానే.

జయంత్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇప్పుడు అడుగుతన్నాను. నన్ను పెళ్ళి సేసుకుంటావా?"

"ఇప్పుడు నా చేతులు ఖాళీ లేవు," అంది. తండ్రి పాదం వదల్లేదు గానీ, కొంచెం పక్కకి జరిగి అతని భుజానికి తన భుజం ఆనించింది.