ఒకే కాయిల్, రెండు పెట్టెలు

కన్నతండ్రి కాబట్టి సరిపోయింది గానీ, ఆ పెద్దమనిషి తన కారుకిచ్చే మర్యాదలో పావువంతు ఇంట్లోవాళ్ళకిచ్చి ఉంటే కూతురు ఈపాటికి మహారాణిలా బతికేది. బానెట్ తుడిచే మెత్తటి గుడ్డను ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. ముట్టినవాళ్ళకు ఆ పూటంతా ఉపన్యాసమే.

ఖరీదైన కంపెనీ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడాయన. కారూ ఆ కంపెనీదే. రోడ్డవతలి చవక కంపెనీ వర్క్‌షాపంటే చులకన. రెండు కంపెనీలకూ యజమాని ఒక్కడేనని ఎవరైనా గుర్తు చేస్తే, యజమాని ఒకడైనంత మాత్రాన ఇంజను ఒకటవుతుందా అనేవాడు.

అవుతుందని కూతురికి తెలుసు. రెండు కంపెనీల విడిభాగాలూ వచ్చే గోడౌన్‌లోనే ఆమె ఉద్యోగం. ఒకే అట్టపెట్టెలోంచి, ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిళ్ళు తీసి, సగం ఖరీదైన కంపెనీ వెండిరంగు పెట్టెల్లో, సగం చవక కంపెనీ గోధుమరంగు పెట్టెల్లో సర్ది లేబుళ్ళు అంటిస్తుంది. మూడేళ్ళుగా ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ గర్వాన్ని ఒక్క స్టిక్కరుతో ఊడబెరకడానికి మనసొప్పలేదు.

గోధుమరంగు పెట్టెల కోసం వచ్చే చవక కంపెనీ మెకానిక్ మొదటిరోజే ఆమెతో తగాదా పడ్డాడు, వెండిరంగు పెట్టె ఇచ్చిందని.

"లోపలున్నది అదే కదండీ," అంది.

"అంత నిజం చెప్పేస్తే ఎలా, లేబుల్ మేడమ్? మార్చుకునే వంకతో ఇంకోసారి వద్దామనుకున్నాను."

వంక లేకపోయినా వారానికి నాలుగుసార్లు వచ్చాడు.

వ్యవహారం పెళ్ళిదాకా వచ్చింది. మాట్లాడటానికి ఇంటికొచ్చినవాడు ఊరుకున్నాడా? కాఫీ తాగుతూ, రెండు ఇంజన్లూ ఒకటేనని కాబోయే మామగారికి పాఠం చెప్పాడు. ఆయన కప్పు కిందపెట్టి, డబ్బా బండ్లవాడికి పిల్లనివ్వనని తేల్చేశాడు.

ఆమెకు తండ్రి మీద కోపం. అతని మీద అంతకన్నా కోపం.

"నిజమే కదా నేను చెప్పింది?" అన్నాడతను.

"నిజమైతే మొహాన కొట్టినట్టు చెప్పాలా? ఆ ఉద్యోగం తప్ప ఆయనకు చెప్పుకోవడానికి ఇంకేముంది?"



ఆ ఆదివారం వాన. తండ్రీకూతుళ్ళు వెళ్తున్న కారు ఉన్నట్టుండి వణకసాగింది. ఆయన బానెట్ ఎత్తకుండానే, చెవితోనే కనిపెట్టాడు, ఒక కాయిల్ పోయిందని. వర్క్‌షాపుకు సెలవు, గోడౌనుకూ సెలవు. ఆమె తండ్రికి చెప్పకుండా ఒక మెసేజ్ పెట్టింది.

మెకానిక్ తన చవక కంపెనీ కారులో వచ్చాడు. ఈసారి ఒక్క ముక్క వాదించలేదు. గొడుగు ఆమె చేతికిచ్చి, తన ఇంజన్లోంచి కాయిల్ పీకి ఆయన ఇంజన్లో పెట్టాడు. అది టక్కున కూర్చుంది. చచ్చిన కాయిల్‌ను తన కారుకు తగిలించుకున్నాడు.

"మరి నీ బండో?" అన్నాడాయన ఎటో చూస్తూ.

"మెల్లగా పోతే ఇల్లు చేరుతుందండీ. మీరు తడవకండి."

ఖరీదైన కారు ముందు, చవక కారు వెనక. ఆయన అద్దం దించాడు. వానజల్లు మొహాన పడుతున్నా ఎత్తలేదు. వెనకనుంచి వినిపిస్తున్న ఆ వణుకునే వింటున్నాడు. రెండు వీధులు దాటాక కారాపి, దిగి, తడుస్తూ వెనక్కి నడిచాడు. కూతురు గొడుగు తీసుకుని పరుగెత్తింది.

"ఇందాక నా కారు చేసిన చప్పుడే ఇది," అన్నాడాయన. "కళ్ళు మూసుకుంటే ఏది ఎవరిదో నేనే చెప్పలేను."

మెకానిక్ తలుపు తీసి నిలబడ్డాడు. పెద్దాయన కూతురి వైపు ఒకసారి చూసి, మళ్ళీ అతని వైపు తిరిగాడు.

"తప్పు నాదే బాబూ. ఇంజను సంగతిలోనూ, నీ సంగతిలోనూ."