నిన్నటి నీలం చొక్కా

ఆదివారం మధ్యాహ్నం. గిలక విడిచిన బట్టల బుట్టలో తల దూర్చి నాన్న నీలం చొక్కా కోసం వెతుకుతోంది.

గిలకకి అసలు పేరు వేరే ఉంది. అది స్కూల్ రిజిస్టర్లో హాయిగా నిద్రపోతోంది. పొద్దున లేచింది మొదలు నోరు ఆగదు గనక ఇంటా బయటా అందరికీ ఆమె గిలకే. నూనె వేయని గిలక అంటుంది అమ్మ.

"దొరికింది! నాన్నా, ఇది వేసుకో."

నాన్న చొక్కాని ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరంగా పట్టుకున్నాడు. "ఇది నిన్న వేసుకున్నది కదే. చెమట కంపు."

"వీడియోలో వాసన రాదు కదా! నిన్న గమ్ పెట్టేటప్పుడు నీలం చొక్కాలో ఉన్నావ్. ఇవాళ కూర్చునేటప్పుడు తెల్ల చొక్కాలో ఉంటే ఏం బాగుంటుంది? ఎవరో వేరే నాన్న వచ్చి కూర్చున్నట్టుంటుంది."

నాన్న మందుల షాపులో పనిచేస్తాడు. వారమంతా మాత్రలు అందించి, సెలవు దొరికితే ఇంట్లో విరిగినవీ ఊడినవీ ముందేసుకుని కూర్చుంటాడు. గిలక ఆ పనంతా అమ్మ ఫోన్‌లో వీడియో తీసి 'మనింటి రిపేర్లు' అనే ఛానల్లో పెడుతుంది. కారుతున్న కుళాయి, మూసుకోని తలుపు, ఊడిన చీపురు కర్ర, అన్నీ అందులో ఉన్నాయి.

ఈ వారం వంతు ఊగిపోతున్న చెక్క కుర్చీది. నిన్న నాన్న దాని కాలు ఊడబీకి, పాత గమ్ గీకి, కొత్త గమ్ పెట్టి మళ్ళీ బిగించాడు. నాలుగు కాళ్ళనీ కలిపి తాడు చుట్టి, తాడులో ఒక పుల్ల పెట్టి గట్టిగా మెలితిప్పాడు. ఇవాళ తాడు విప్పాడు.

ఇక చేసేది లేక కంపు చొక్కా తొడుక్కుని కుర్చీ మీద కూర్చున్నాడు. ముందుకి ఊగాడు, వెనక్కి ఊగాడు. కుర్చీ కిక్కురుమనలేదు.

సాయంత్రం గిలక వీడియోకి కత్తెర వేసింది. నాన్న తుమ్మిన ముక్క తీసేసింది. అమ్మ చీపురుతో అడ్డం వచ్చిన ముక్క తీసేసింది. తాడు కట్టిన కుర్చీ ఊరికే నిలబడి ఉన్న ముక్క ఒకటి వచ్చింది. అందులో కదిలేదేమీ లేదు. వెనక నుంచి నాన్న గొంతు ఏదో చెప్తోంది, అంతే. బోరు! అదీ తీసేసింది. మిగిలినవన్నీ కలిపితే వీడియో ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. చొక్కా రంగు కూడా మారలేదు.

"అంతా ఒకేసారి తీసినట్టు లేదూ?" అంది.

"భలే ఉందే!" అన్నాడు నాన్న.

బుధవారానికల్లా కామెంట్లు వచ్చాయి. ఒకరు 'సూపర్' అన్నారు. ఇంకొకావిడ పెద్ద కామెంటే పెట్టింది. 'సగంలో చుట్టాలొచ్చారు, మిగతా పని మర్నాడు చేశాను. కుర్చీ రాయిలా ఉంది.' గిలక ఆ 'రాయిలా ఉంది' అన్న ముక్క ఒక్కటే చూసుకుని, మురిసిపోయి, గుండె బొమ్మ పెట్టింది.

తర్వాతది చదివి మొహం ముడుచుకుంది. 'మీరు చూపించినట్టే చేశాను. కూర్చోగానే కాలు ఊడింది.' దాని కిందే మరొకటి. 'మాదీ అంతే. అయినా ఆ తాడెందుకండీ, అందానికా?'

గిలకకి ఏమీ అర్థం కాలేదు. ఒకే వీడియో. అదే గమ్, అదే తాడు. ఒకళ్ళ కుర్చీ రాయిలా ఉంటే ఇంకొకళ్ళది ఎలా ఊడుతుంది? లేచి వెళ్ళి తమ కుర్చీని పట్టుకుని గుంజింది. ఎక్కి రెండు గెంతులు కూడా గెంతింది. అది కదల్లేదు. కాసేపు బుర్ర గోక్కుని, చివరికి ఇద్దరికీ ఒకటే జవాబు రాసేసింది. 'గమ్ తక్కువ వేసుంటారు.'

"చేతకాని వాళ్ళంతా నా వీడియోని అంటారేంటమ్మా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

అమ్మ బట్టలు మడతపెడుతూనే అంది. "నీదెప్పుడూ అంతేలే, నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చూడబోతే వాళ్ళ కుర్చీలకి కూడా మూడే మిగిలేట్టున్నాయి."

మర్నాడు స్కూల్లో అన్నం తినే వేళకి నిదానం వచ్చి పక్కన కూర్చున్నాడు. నిదానం అంటే గిలక బెంచీలో కూర్చునే అబ్బాయి. ఏ పని చేసినా స్కేలు పెట్టి గీత గీసినంత జాగ్రత్తగా చేస్తాడు. పరీక్షలో అందరూ పేపర్లు ఇచ్చేశాక కూడా వాడు ఇంకా మార్జిన్ దగ్గరే ఉంటాడు. "నిదానమే ప్రధానం అన్నారు గానీ, మరీ ఇంతా నాయనా?" అని లెక్కల టీచర్ అన్నప్పటి నుంచి ఆ పేరు స్థిరపడిపోయింది.

"గిలకా, మీ నాన్న కుర్చీకి గమ్ ఎంత వేశాడు?" అని అడిగాడు.

"ఎందుకు?"

"మా తాతయ్య కుర్చీ ఊగుతోందని నేను బాగుచేశా. నీ వీడియో చూసే చేశా. తాతయ్య కూర్చున్నాడు. పడ్డాడు."

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

"నడుం పట్టేసింది. మంచం మీదే ఉన్నాడు."

గిలక చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసింది. మళ్ళీ అదే లెక్క. తమ కుర్చీ నిలబడింది, వీళ్ళది పడింది. ఎందుకో తెలియనప్పుడు తెలియదు అనొచ్చు. కానీ ఆ మాట గిలకకి అలవాటు లేదు.

"గమ్ తక్కువేసుంటావ్" అంది.

శుక్రవారం నిదానం వేళ్ళ నిండా ఎండిపోయిన తెల్ల గమ్‌తో వచ్చాడు. "డబ్బా మొత్తం పోశాను. మళ్ళీ ఊడింది. ఈసారి కూర్చుంది నేనే. ప్యాంటు కూడా పాడైంది."

గిలకకి నవ్వు రాబోయింది. వాడి మొహం చూసి ఆగిపోయింది.

"ఆ కుర్చీని రేపు పాత సామాన్ల బండికి వేసేస్తానంది అమ్మ. తాతయ్య రోజూ కిటికీ దగ్గర అందులోనే కూర్చుంటాడు. ఇంకో దాంట్లో కూర్చోడు. ఇకమీద ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకోవద్దంది నన్ను." వాడు చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. "నా చేతులు ఇలాంటి పనులకి పనికిరావులే."

గిలక ఆ జేబుల వంక చూసింది. నిదానం చేతులు పనికిరాకపోవడమేంటి? పోయిన నెల తన సైకిల్ చైను ఎక్కించినవి ఆ చేతులే. క్లాసులో తలుపు గడియ బాగుచేసినవీ అవే. తప్పు ఎక్కడుంది మరి? గమ్‌లోనా, చెక్కలోనా, తాడులోనా?

"సాయంత్రం మీ ఇంటికొస్తా. నా ముందు చెయ్యి. ఎక్కడ తప్పు చేస్తున్నావో ఇట్టే పట్టేస్తా" అంది.

నిదానం వాళ్ళింట్లో కుర్చీ వెనక వరండాలో తలకిందులుగా పడి ఉంది. వాళ్ళమ్మ దాన్ని ముట్టుకోనివ్వనంది. లోపల మంచం మీద నుంచి తాతయ్య కేక వేశాడు. "చేసుకోనీ అమ్మా! పట్టాల్సిన నడుం ఎలాగూ పట్టేసింది. ఇంకొకసారి చేస్తే కొత్తగా పోయేదేముంది?"

వాళ్ళమ్మ విసుక్కుంటూనే ఫోన్ ఇచ్చింది. నిదానం దాన్ని నీళ్ళ సీసాకి ఆనించి వీడియో పెట్టాడు. కొంచెం చూడటం, ఆపడం, అచ్చం అలాగే చేయడం. గిలక చేతులు వెనక్కి కట్టుకుని పెద్ద ఇన్‌స్పెక్టర్లా చుట్టూ తిరిగింది. పాత గమ్ శుభ్రంగా గీకాడు. గమ్ ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. కాలు తిన్నగా దిగింది. తాడు చుట్టాడు, పుల్ల పెట్టి మెలితిప్పాడు. నాన్న కూడా ఇంత బాగా చేయలేదేమో. తప్పు పడదామని వచ్చిన గిలకకి పట్టడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడు నిదానం తాడు విప్పేశాడు.

"అదేంటి, అప్పుడే విప్పేశావ్?"

"మీ నాన్న కూడా విప్పేశాడుగా."

"విప్పాడు. కానీ..."

"చూడు, నువ్వే చూడు."

వాడు వీడియో వెనక్కి జరిపి మళ్ళీ నడిపించాడు. నాన్న పుల్లని మెలితిప్పాడు. ఆ వెంటనే తాడు విప్పాడు. కూర్చుని హాయిగా ఊగుతున్నాడు.

"కట్టీ కట్టగానే విప్పేయడానికి ఈ తాడెందుకో నాకూ అర్థం కాలేదు" అన్నాడు నిదానం. "మీ నాన్నకి తెలుసుంటుందిలే అని కట్టాను, విప్పాను."

"అది అప్పుడే విప్పలేదురా."

"మరెప్పుడు? చొక్కా కూడా అదే కదా?"

గిలక ఫోన్‌లో నాన్న చొక్కా వంక చూసింది.

బట్టల బుట్ట గుర్తొచ్చింది. చెమట కంపు గుర్తొచ్చింది. ముక్కు ముడుచుకున్న నాన్న గుర్తొచ్చాడు. చొక్కా మారకూడదని తనే కదా వెతికి మరీ తెచ్చింది! సగంలో చుట్టాలొచ్చారన్న ఆవిడ కుర్చీ ఎందుకు నిలబడిందో కూడా ఇప్పుడు తెలిసింది. మర్నాటిదాకా ఆమె కుర్చీ తాడుతోనే ఉంది.

"నేనే కోసేశాను" అంది మెల్లగా.

"ఏంటి?"

"ఒక రోజు. కట్టడానికీ విప్పడానికీ మధ్య ఒక రోజంతా ఉంది. గమ్ ఆరాలని. అది వీడియోలో లేకుండా కోసేశాను."

నిదానానికి ఏదైనా అర్థం కావడానికి కాస్త టైం పడుతుంది. వాడు కుర్చీ వంక చూశాడు, తాడు వంక చూశాడు, తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"అంటే, నేను చేసింది కరెక్టేనా?"

"కరెక్టే. అందులో ఉన్నది ఉన్నట్టు చేశావ్."

"మరి గమ్ తక్కువన్నావ్?"

"అన్నాను."

"నేను డబ్బా మొత్తం పోశాను, గిలకా."

వాడు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

ఇంటికి పారిపోదామనిపించింది. కానీ పొద్దున్నే బండి వస్తుంది. గిలక లోపలికి నడిచింది.

"ఆంటీ, కుర్చీ ఊడటంలో వీడి తప్పేం లేదు. నాదే. వీడియో నేనే తప్పుగా పెట్టాను." గొంతు ఎంత చిన్నదైపోయిందంటే అది గిలక గొంతేనా అని ఆవిడ తల తిప్పి చూసింది. "తాతయ్య నా వల్లే పడ్డాడు."

"బాగుంది! తప్పు మీ ఇద్దరిలో ఎవరిదైనా నడుం మాత్రం ఆయనది" అంది వాళ్ళమ్మ. తర్వాత వరండా వైపు చూసింది. నిదానం ఇంకా కుర్చీ పక్కనే కూర్చుని ఉన్నాడు. "ఒరేయ్, నిన్ను ఊరికే తిట్టానురా" అంది.

"ఆ బండివాణ్ణి ఎల్లుండి రమ్మను" అన్నాడు తాతయ్య మంచం మీద నుంచి.

కాలు మళ్ళీ ఊడదీసి, తుడిచి, మొదటి నుంచి చేశారు. ఈసారి గిలక ఆంటీ ఫోన్‌లో వీడియో తీసింది. గళ్ళ చొక్కాలో ఉన్న తాతయ్య మంచం మీద నుంచే సలహాలు ఇస్తుంటే, ఫోన్ అటు తిప్పి ఆయన్నీ తీసింది. తాడు బిగించాక ఎవరూ దాన్ని విప్పలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్తే నాన్న వీడియో మళ్ళీ చూశాడు. చూసి తల పట్టుకున్నాడు.

"పెట్టే ముందు నేనూ చూశాను కదే! నాకు తెలిసిన సంగతే కాబట్టి, లేకపోయినా ఉన్నట్టే అనిపించింది."

గిలక తీసేసిన ముక్కని వెతికి పెట్టింది. తాడు కట్టిన కుర్చీ నిలబడి ఉంది. వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. "రేపు ఈ వేళ దాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నేనైనా సరే."

పాత వీడియో తీసేయడానికి ఒక్క నొక్కు చాలు. కామెంట్లూ పోతాయి, తన జవాబులూ పోతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. గిలక వేలు అక్కడిదాకా వెళ్ళి ఆగింది. కుర్చీ ఊడిన ఆ ఇద్దరూ ఇప్పుడు ఏం చేస్తున్నారో? తమ చేతులు పనికిరావని జేబుల్లో పెట్టుకుని కూర్చున్నారేమో? ఇద్దరికీ రాసింది. 'గమ్ తక్కువ కాదు. మీ తప్పేం లేదు. తాడు కట్టాక ఒక రోజంతా ఆరాలి. ఆ రోజుని నేను కోసేశాను. సారీ. కొత్త వీడియో పెడతాను.' వీడియో పైన కూడా అదే మాట పెట్టింది.

శనివారం సాయంత్రం గిలక నిదానం వాళ్ళింటికి వెళ్ళేసరికి తాతయ్య గోడ పట్టుకుని మెల్లగా వరండాలోకి వచ్చాడు. జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. ఒంటి మీద నిన్నటి గళ్ళ చొక్కానే ఉంది.

"కావాలనే ఇది ఉంచుకున్నానమ్మా. వీడియోలో రెండు రకాలుగా కనిపిస్తే బాగోదు కదా?"

"వద్దు వద్దు తాతయ్యా! మార్చుకుని రండి. వేరే రంగుది."

"ఇదేం మాయరోగమే! దీనికేమైంది?"

"నిన్న వేరు, ఇవాళ వేరు అని చూసేవాళ్ళకి తెలియాలి."

తాతయ్య గొణుక్కుంటూ వెళ్ళి పసుపు చొక్కాలో తిరిగొచ్చాడు. నిదానం పుల్ల తీశాడు, తాడు విప్పాడు. ముందు తనే కూర్చుని చూశాడు. లేచి నిలబడి, తాతయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

కుర్చీ నిలబడింది. తాతయ్య ముందుకి ఊగాడు, వెనక్కి ఊగాడు. "కిటికీ దగ్గరికి జరపరా" అన్నాడు. నిదానం జేబుల్లోకి పోబోతున్న చేతులు ఆపుకుని కుర్చీ పట్టుకున్నాడు.

ఆ రాత్రి అన్నాలయ్యాక గిలక కొత్త వీడియోకి కత్తెర వేయడానికి కూర్చుంది. తాతయ్య దగ్గు పోయింది. వీధి కుక్క అరుపు పోయింది. తర్వాత, తాడు కట్టిన కుర్చీ ఊరికే నిలబడి ఉన్న ముక్క వచ్చింది. కుర్చీ వెనక భాగం మీద ఒక ఈగ కూర్చుంది. కాసేపటికి లేచిపోయింది. వెనక నుంచి నిదానం గొంతు, వాడి అలవాటు ప్రకారం ఆగి ఆగి చెప్తోంది. "రేపు ఈ వేళ దాకా... దీన్ని... ఎవరూ ముట్టుకోకూడదు."

"అబ్బ, ఎంతసేపూ కుర్చీయేనా?" అంది వెనక నుంచి తొంగి చూసిన అమ్మ.

"ఆరుతోందమ్మా" అంది గిలక. ఆ ముక్కని చివరిదాకా అలాగే ఉంచేసింది.