బొటనవేలి కింద నంబర్

2003, మే. పేట్ బషీరాబాద్‌లో రోడ్డు పక్కన ఆగిన జీపులో చీఫ్ రాజారావు ఏజెంట్ అన్వేష్ చేతికి ఒక నల్లటి రేడియో సెట్ ఇచ్చాడు.

"యూరప్ నదుల్లో తిరిగే పడవల సెట్ ఇది. మేడ్చల్ ఫ్యాక్టరీల తయారైతది. మాట్లాడి బటన్ వదిలితే చాలు, కీచుమని పడవ నంబర్ దానంతటదే పోతది. వదలకున్నా ఐదు నిమిషాలకు పోతది. వినేటోని స్క్రీన్ మీద పడుతది."

"మరి ముఠా ప్లానేంది సార్?"

"బాంబులు మోసే పడవకు టూరిస్టు పడవ నంబర్ పెడ్తరు. ఆ దొంగ సెట్ లాల్‌గడి మలక్‌పేట్ ఫామ్‌హౌస్‌ల జనార్ధన్ కాడుంది. సాయంత్రం ఫ్లైట్‌కు పోతది. పోనియ్యొద్దు."

జనార్ధన్ మొన్నటిదాకా లేఅవుట్లు అమ్మినవాడు, ఇప్పుడు విదేశీ ముఠాకు కుడిభుజం. వాడు గుడ్డిగా నమ్మే అందాల ఇంజనీర్ మనోరమ మాత్రం మన మనిషి. దొంగ సెట్‌ను గుర్తుపట్టడానికి నమూనాగా తన టేబుల్ మీది సెట్ పంపింది ఆమే.

"చూసుడే, మాట్లాడొద్దని చెప్పింది. అందుల ఆమె టెస్టింగ్ నంబర్ ఉంది" అన్నాడు రాజారావు. అన్వేష్ తలూపాడు.

మధ్యాహ్నానికల్లా అతను శామీర్‌పేట చెరువు రోడ్డు మీద కంకులు కాల్చేవాడయ్యాడు. మాసిన లుంగీ, తలకు తువ్వాల, చెవిలో వినికిడి మెషీన్. మనోరమ జూకాలో దాచిన మైక్ నుంచి ఫామ్‌హౌస్ మాటలన్నీ ఆ మెషీన్‌లోకి వస్తున్నాయి. వేషం బ్రహ్మాండం. కానీ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వాకీటాకీ గరగరమనడం తప్ప పలకదు. అన్వేష్ దొరగారికి చిరాకేసింది. బుట్టలోంచి మనోరమ పంపిన సెట్ తీశాడు.

"సార్, జనార్ధన్ కార్ల పెట్టె ఎక్కిస్తున్నడు." వదిలాడు. కీచుమంది.

"ఇంక బయల్దేరలే." మళ్లీ కీచుమంది. ఎంత క్లియర్‌గా ఉందో అని మురిసిపోయాడు కూడా.

చెవిలో జనార్ధన్ గొంతు ఉరిమింది. "మనోరమా! స్క్రీన్ మీద గీ నంబర్ నీ టేబుల్ సెట్‌ది గదా? మాట్లాడేటోడు ఎవడు?" ఆ వెంటనే చెంపదెబ్బ చప్పుడు. "జెప్తవా, కాల్చెయ్యాల్నా?"

అన్వేష్‌కు తల కొట్టేసినట్టయింది. చెప్పి మరీ పంపింది ఆమె. ఇప్పుడు తన షోకు వల్ల ఆమె ప్రాణం పోబోతోంది. పరుగెత్తినా అందే దూరం కాదు. చేతిలో ఉన్నది ఆ సెట్ ఒక్కటే. బటన్ వదలకపోతే నంబర్ పోదు. ఐదు నిమిషాలు దాటితే మాత్రం అడక్కుండానే పంపేస్తుంది.

నొక్కి పట్టుకున్నాడు.

"ఆల్ యూనిట్స్! ఫామ్‌హౌస్ ముందు గేటు కవరైంది. వెనక గేటు ఖాళీగుంది. జల్దీ మూయండి!"

ఎదురుగా స్కూటర్ ఆగింది. "అన్నా, రెండు కంకులియ్యి. కారం ఎక్కువ రాయి."

ఆ మాటా గాల్లోకి పోయింది. బటన్ వదిలితే మనోరమ చస్తుంది.

"కాపీ, గౌరయ్యా! రెండు కంకులు, కారం ఎక్కువ! బయల్దేరుండ్రి!"

"నా పేరు యాదయ్యనే" అని స్కూటర్ మనిషి గొణిగాడు.

"ఇద్దరు మాట్లాడినా స్క్రీన్ మీద నంబర్ పడ్తలేదు! ఇందాకటిది తప్పు నంబరే! గిది పోలీసోళ్ల సెట్టే!" చెవిలో జనార్ధన్ కేక. "ఆమెను ఇడిసిపెట్టుండ్రి! వెనక గేటుకు పోదాం!"

జీపు రేడియోలో అన్వేష్ మాటలన్నీ వింటున్న రాజారావు వెనక గేటుకు చేరాడు. కారు అడ్డంగా దొరికింది. జనార్ధన్ చేతులకు బేడీలు పడుతుండగా, ఇక్కడ అన్వేష్ చేతిలో సెట్ తనంతట తాను కీచుమంది.

కాసేపటికి పోలీసు వ్యాన్‌లో మనోరమ వచ్చింది. చెంప వాచింది. ఒక జూకా లేదు. అన్వేష్ తలెత్తలేకపోయాడు.

"వేషమైతే మార్చినవ్. మాటమాటకు నా నంబర్ జెప్పినవ్" అందామె.

"తప్పయింది మేడం. చీఫ్ ఒట్టి పీనాసోడు, డొక్కు వాకీటాకీ ఇచ్చిండు. అందుకే గిది వాడిన. సిగ్గుతోని సచ్చిపోతున్న."

"సచ్చుడు తర్వాత. ముందు గా బటన్ ఇడువు."

అన్వేష్ కిందికి చూశాడు. బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. మెల్లగా తీశాడు.

అవతల ఫామ్‌హౌస్‌లో, ముఠా స్క్రీన్ ముందు కూర్చున్న రాజారావుకు, తనను పీనాసోడన్న మనిషి నంబర్ స్పష్టంగా కనిపించింది. అది మనోరమది.