ఎడమ మడ్‌గార్డ్

శుక్రవారం మధ్యాహ్నం 3:10. తాండూరు శివార్లలో జనార్దన్ రెడ్డి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్. వెనక షెడ్డులో 1962 నాటి అంబాసిడర్ ఒంటి చెంపతో నిలబడి ఉంది. ముందు ఎడమ మడ్‌గార్డ్ మాయమైంది.

లక్షల బండిని వదిలేసి ఒక్క రేకు ముక్క ఎత్తుకుపోయే దొంగను ఎస్ఐ నవనీత పదకొండేళ్ల సర్వీసులో చూడలేదు.

3:50కి ఆమె జీపు దిగేసరికి అక్కడ దొంగను పట్టేసుకున్నారు కూడా. జనార్దన్ కొడుకు శ్రీకాంత్ పనిమనిషి జంగమ్మను గోడకు నిలబెట్టి వేలు చూపిస్తున్నాడు. ఆమెకు అరవై దాటాయి. కాళ్లకు చెప్పుల్లేవు.

"గీమెనే మేడం! బండి చుట్టు ఒట్టి కాళ్ల గుర్తులే ఉన్నయ్. పాత ఇనుప సామానోనికి ఏసి ఉంటది."

"గంత బరువు నేనేడ మోస్తనయ్యా?" జంగమ్మ గొంతు వణికింది.

"నోరు ముయ్!"

"ముందు మీరు ముయ్యుండ్రి," అంది నవనీత.

ఆమె గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టింది. ఏ వస్తువు పోయినా చూపులన్నీ చెప్పుల్లేని కాళ్ల మీదికే ఎందుకు పోతాయో చిన్నప్పుడే చూసింది. ఒళ్లు మండింది. కానీ మంటతో కేసు తేలదు. నోట్‌బుక్ తీసింది.

"గీ బండి మీద ఏమన్న లొల్లి ఉందా?"

ఉంది. రెండు నెలలుగా తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"రీస్టోర్ చేద్దామంటున్న. కొత్త పెయింట్, కొత్త సీట్లు. డాడీ ముట్టనిస్తలేడు," అన్నాడు శ్రీకాంత్.

"అది మా నాయిన కొన్ననాటి రంగు." అరవై ఎనిమిదేళ్ల జనార్దన్ కళ్లెర్రజేశాడు. "నేను బతికుండంగ గీకనియ్య."

"మరి ఈ లొల్లి ఎట్ల తెగింది?" అడిగింది నవనీత.

"రేపు హైదరాబాద్ నుంచి ఎక్స్‌పర్ట్ వస్తుండు మేడం. పెయింట్ మందం కొలిచే మీటర్ పెడతడు. అంత కంపెనీ రంగే అని తేలితే నేను బండి జోలికి పోను. ఒక్కచోట తేడా వచ్చినా రీస్టోరే. డాడీ గూడ నలుగురి ముందు ఒప్పుకున్నడు."

జనార్దన్ గోడవైపు తిరిగాడు.

నవనీత మెకానిక్ దశరథ్‌ను పిలిపించింది. నూనె చేతులు, అరిగిన చెప్పులు.

"మడ్‌గార్డ్ ఇంతకుముందు ఎవరన్న ఇప్పిండ్రా?"

"ముప్పై ఐదేండ్ల సంది నేను తప్ప గీ బండికి ఎవ్వరు స్పానర్ పెట్టలే. నేనైతే ఎన్నడు ఇప్పలే."

దొంగ విప్పిన బోల్టులు కింద వరుసగా పేర్చి ఉన్నాయి. నవనీత ఒకటి తీసి లైటు కింద తిప్పింది. తల మీద మెరుస్తున్న కొత్త గీతలు. వాటి పక్కనే ఇంకొన్ని, రంగు కింద తుప్పు పట్టిన పాత గీతలు. కుడివైపు బోల్టులకు అలాంటివేమీ లేవు. రంగు ఒక్కచోట కూడా పగల్లేదు.

అంటే ఎడమ మడ్‌గార్డ్‌ను ఎవరో ఎప్పుడో విప్పి, మళ్లీ బిగించి, రంగు వేశారు. దశరథ్ ఈ బండి ముట్టకముందు.

"నువ్వు ఈడ ఎన్నేండ్ల సంది పనిచేస్తున్నవమ్మా?"

"మా ఎంకయ్య పోయిన కాడి సంది బిడ్డా," అంది జంగమ్మ. "బషీరాబాద్ తొవ్వల గొర్లు తోల్కొస్తుంటే ఏదో బండి గుద్దిపోయింది. ముప్పై ఏడేండ్లాయె. ఏ బండో తెల్వనే లేదు. గీ పటేలే," జనార్దన్ వైపు చెయ్యి చూపింది, "పిలిచి పని ఇచ్చిండు. దసరకు చీర పెడతడు. పండుగపూట గీ బండి కడిగేది నేనే."

4:35. నవనీత నేల మీద గొంతుకూర్చుంది. యూనిట్ పక్కనే కావడంతో షెడ్డంతా తెల్లటి రాతి పొడి. ఒంటిగంట నుంచి మూడింటి దాకా కరెంటు కోత. కూలీలు బువ్వకు పోయారు. దొంగతనం అప్పుడే జరిగింది. గేటు కెమెరా బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. ఆ రెండు గంటల్లో బయటికి ఏదీ పోలేదు.

"సంతోష్! వస్తువు లోపల్నే ఉంది. రాయి కోసిన బురద పారే గుంట చూడు. పైన ఎండిన పెచ్చు ఏడన్న పగిలిందా?"

కానిస్టేబుల్ సంతోష్ పరిగెత్తాడు. నవనీత లేచింది.

"జనార్దన్ గారూ, జర గిటు రండి. గీ బోల్టు చూడుండ్రి."

ఆయన షెడ్డులోకి వచ్చాడు. బండికి మూడడుగుల దూరంలో ఆగి, అలవాటుగా చెప్పులు విడిచి, ఒట్టి కాళ్లతో ముందుకొచ్చాడు.

"ఆడనే ఆగుండ్రి."

అందరూ ఆగారు.

"మీరంతా బండి కాడి ఒట్టి కాళ్ల గుర్తులే చూసిండ్రు. వాటి వెనకది ఎవ్వరు చూడలే. తలుపు కాడి నుంచి చెప్పుల గుర్తులు వచ్చినయ్. గీడ ఆగినయ్. గీడి నుంచి ఒట్టి కాళ్లు. జంగమ్మకు అసలు చెప్పులే లేవు. లేని చెప్పులు ఎట్ల ఇడుస్తది? శ్రీకాంత్ బూట్లతో తిరుగుతడు. దశరథ్ చెప్పులతోనే పనిచేస్తడు. నాయిన బండి అని చెప్పులిడిసేది మీరొక్కరే. ఇగ సూడుండ్రి, ఇప్పుడు గూడ అదే జాగాల ఇడిసిండ్రు."

జనార్దన్ కిందికి చూశాడు. ఆయన చెప్పులు సరిగ్గా ఆ గుర్తుల మీదే ఉన్నాయి.

"డాడీ?" శ్రీకాంత్ నోరు తెరిచాడు. "రంగు ముట్టొద్దన్నది నువ్వే గదా!"

"ముట్టితే సొట్ట పూడ్చిన పుట్టీ బయటపడతది గనుక," అంది నవనీత. "గీకినా తెలుస్తది, మీటర్ పెట్టినా తెలుస్తది. అందుకే ముప్పై ఏడేండ్లు కాపాడుకొచ్చిండు. రేపు మీటర్ వస్తదని ఇయ్యాల ఇప్పి దాచిండు."

5:05. సంతోష్ తెల్లటి బురద కారుతున్న మడ్‌గార్డ్ మోసుకొచ్చాడు. పైపుతో కడిగారు. హెడ్‌లైట్ పక్కన పుట్టీ బీట వారింది. నవనీత స్క్రూడ్రైవర్‌తో పెచ్చు లేపింది. కింద లోతైన సొట్ట. రేకు మడతలో నల్ల ఉన్ని పోగులు ఇరుక్కుని ఉన్నాయి, మధ్యలో ఎర్ర దారం.

గొంగడి. నవనీత ఇంట్లో గొర్రెల కాపరులంతా కప్పుకునేది అదే.

జంగమ్మ వంగి చూసింది.

"అంచుకు ఎర్ర దారం నేనే కుట్టిన," అంది. "మంద కాడ అందరి గొంగళ్లల్ల మా ఆయనది గుర్తువట్టనీకె."

జనార్దన్ బండి పక్కనే కూలబడ్డాడు. "వాన పడుతుండె. కనవడలే. భయపడ్డ. తాండూరుల అయితే తెలుస్తదని వికారాబాద్ తీస్కపోయి సొట్ట కప్పించిన. నిన్ను ఆకలికి సావనియ్యలే గదా జంగమ్మా!"

"ముప్పై ఏడు దసరలు." జంగమ్మ గొంతు ఇప్పుడు వణకలేదు. "నా మొగన్ని సంపిన బండిని నాతోనే కడిగిచ్చినవా, జనార్దనా?"

ఆ ఇంట్లో ఆమె ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

శ్రీకాంత్ తలెత్తలేకపోయాడు. "మేడం... బండి ఏం చేస్తరు?"

"ఉన్నది ఉన్నట్టే ఉంచుతం." నవనీత షెడ్డు తలుపు లాగి తాళం వేసింది. "సంతోష్, సీల్ వెయ్. దుమ్ము గూడ తుడవొద్దు."